రెవిట్‌లో పైపు ఎత్తులు: ఏ లెవెల్ నుంచి కొలవాలి, లేబుల్‌లో ఎలా చూపాలి

భవనాల మోడళ్లు, డ్రాయింగులు తయారుచేసే రెవిట్ సాఫ్ట్‌వేర్ గురించి మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మొదటి అంతస్తు కారిడార్ సీలింగ్‌లో రెండు చిల్డ్ వాటర్ పైపులు (ఏసీకి చల్లని నీరు మోసేవి) పక్కపక్కనే, ఒకే ఎత్తులో వెళ్తున్నాయి. రెండింటికీ ఒకే పైప్ ట్యాగ్ (పైపు వివరాలు చూపే లేబుల్) పెడితే ఒకదానికి బీఓపీ (పైపు అడుగు ఎత్తు, మిల్లీమీటర్లలో) +2916 అని, రెండోదానికి −1084 అని వస్తోంది. సైట్ వాళ్లు ఫినిష్డ్ ఫ్లోర్ నుంచి ఎత్తు అడుగుతున్నారు, కన్సల్టెంట్ స్ట్రక్చరల్ శ్లాబ్ నుంచి అడుగుతున్నారు, డ్రెయిన్ పైపులకు ఇన్వర్ట్ (పైపు లోపలి అడుగు ఎత్తు) కావాలి. ఇవన్నీ చేత్తో టైపు చేయకుండా రెవిట్ చేతనే ఎలా చూపించాలన్నది మీ ప్రశ్న.

ముందుగా చెప్పవలసింది, మీ ట్యాగ్‌లో కనిపిస్తున్న రెండు అంకెలూ సరైనవే. మీ 150 ఎన్‌బీ (నామమాత్రపు సైజు) స్టీలు పైపు బయటి వ్యాసం 168.3 మిల్లీమీటర్లు కనుక, దాని మధ్యరేఖ మొదటి అంతస్తు నుంచి 3000 ఎత్తులో ఉంటే పైపు అడుగు 2915.85 దగ్గర పడుతుంది. మీ భవనంలో అంతస్తుకు, అంతస్తుకు మధ్య 4000 ఉందని రాశారు. అదే అడుగును రెండో అంతస్తు నుంచి కొలిస్తే 2915.85 నుంచి 4000 తీసివేయగా −1084.15 వస్తుంది. అంటే పైపులు రెండూ ఒకేచోట ఉన్నాయి, కొలత మొదలైన చోటు మాత్రమే వేరు. పైపు ఎత్తు అనేది పైపు ఒక్కదానికే చెందిన గుణం కాదని, పైపుకూ ఒక లెవెల్‌కూ (మోడల్‌లో అంతస్తు ఎత్తును సూచించే తలానికీ) మధ్య ఉన్న దూరమని మొదట గట్టిగా పట్టుకుంటే మిగిలిన సమస్యలన్నీ వరుసగా విడిపోతాయి.

పైపును గీసిన క్షణంలోనే రెవిట్ దానికి ఒక రిఫరెన్స్ లెవెల్‌ను కేటాయిస్తుంది. ప్లాన్ వ్యూలో గీస్తే ఆ వ్యూ ఏ లెవెల్‌కు చెందినదో అదే రిఫరెన్స్ లెవెల్ అవుతుంది. సెక్షన్‌లోనో త్రీడీలోనో గీస్తే ఆ సమయంలో ఎంపికై ఉన్న లెవెల్ అవుతుంది. ప్రాపర్టీస్‌లో మీకు కనిపించే మిడిల్ ఎలివేషన్ (పాత వెర్షన్లలో దీన్నే ఆఫ్‌సెట్ అనేవారు), దానితోపాటు టాప్, బాటమ్, ఇన్వర్ట్ ఎలివేషన్లు అన్నీ ఆ రిఫరెన్స్ లెవెల్ నుంచి లెక్కించినవే. ట్యాగ్‌కు సొంతంగా లెక్కించే పని లేదు, పైపు లోపల ఉన్న పారామీటర్‌ను చదివి కాగితం మీద పెట్టడమే దాని పని. మీరు ట్యాగ్‌ను మొదటి అంతస్తు ప్లాన్‌లో పెట్టినా, రెండో అంతస్తు ప్లాన్‌లో పెట్టినా, సెక్షన్‌లో పెట్టినా అదే అంకె కనిపిస్తుంది, ఎందుకంటే వ్యూ ఏ లెవెల్‌దన్నది ట్యాగ్ పట్టించుకోదు.

ఇలాంటి తేడా మోడల్‌లోకి ప్రవేశించే దారులు రెండు మూడే ఉంటాయి. పై అంతస్తు టాయిలెట్ల డ్రెయిన్లు కింది అంతస్తు సీలింగ్‌లో నడుస్తాయి కనుక ప్లంబింగ్ మోడలర్ పై అంతస్తు ప్లాన్‌లోనే వ్యూ రేంజ్‌ను (ప్లాన్‌లో కనిపించే ఎత్తుల పరిధిని) కిందికి దించి గీస్తాడు. అలా గీసిన ప్రతి పైపూ పై లెవెల్‌ను పట్టుకుని రుణ సంఖ్యతో ఉంటుంది. షాఫ్ట్‌లోని రైజర్ (నిలువు పైపు) నుంచి తీసిన బ్రాంచిలకూ తరచు ఇదే జరుగుతుంది. మూడోది, సెక్షన్‌లో నిలబడి కింది అంతస్తు పైపులను 4000 పైకి కాపీ చేయడం. అప్పుడు కాపీ అయిన పైపులు కింది లెవెల్‌నే పట్టుకుని ఉంటాయి కనుక వాటి బీఓపీ +6916 అని వస్తుంది. అంతస్తులకు కాపీ చేసేటప్పుడు క్లిప్‌బోర్డుకు తీసుకుని, పేస్ట్‌లో అలైన్డ్ టు సెలెక్టెడ్ లెవెల్స్ ద్వారా పెట్టడం మంచి అలవాటు. అప్పుడు కొత్త పైపులకు కొత్త లెవెలే రిఫరెన్స్ అవుతుంది.

దిద్దుబాటు సులువు. పైపును ఎంపిక చేసి, ప్రాపర్టీస్‌లో రిఫరెన్స్ లెవెల్‌ను రెండో అంతస్తు నుంచి మొదటి అంతస్తుకు మార్చండి. పైపు తన స్థానం నుంచి కదలదు, మిడిల్ ఎలివేషన్ మాత్రం −1000 నుంచి 3000కు మారుతుంది, ట్యాగ్ తనంతట తానే +2916 చూపుతుంది. వందల పైపులను ఒకేసారి ఎంచుకుని కూడా ఈ మార్పు చేయవచ్చు. అయితే ఎల్బోలు, టీలు, వాల్వులను పైపులతో కలిపి గుత్తగా మార్చకండి. లెవెల్ మార్చినప్పుడు అవి పైపుల్లాగే స్థానంలో నిలుస్తాయని ముందే అనుకోకుండా, ఒక వాల్వుపై విడిగా ప్రయత్నించి, అది కదలలేదని సెక్షన్‌లో చూసుకున్న తరువాతే మిగిలిన వాటి జోలికి వెళ్లండి.

ఏ పైపులు తప్పు లెవెల్‌ను పట్టుకుని ఉన్నాయో కంటితో వెతకనక్కరలేదు. మొదటి అంతస్తు వ్యూలో ఒక వ్యూ ఫిల్టర్ తయారుచేసి, పైప్స్ కేటగిరీకి, రిఫరెన్స్ లెవెల్ మొదటి అంతస్తుకు సమానం కానివన్నీ ఎర్రగా కనిపించాలని నియమం పెట్టండి. లెవెల్ వారీగా, మిడిల్ ఎలివేషన్ వారీగా వర్గీకరించిన పైప్ షెడ్యూల్ ఒకటి పక్కన తెరిచి ఉంచితే, రుణ సంఖ్యలూ అంతస్తు ఎత్తును మించిన సంఖ్యలూ వెంటనే కంటపడతాయి. ఈ ఫిల్టర్‌ను వ్యూ టెంప్లేట్‌లోనే పెట్టి, వర్కింగ్ వ్యూలలో ఎప్పుడూ వెలిగి ఉండేలా, షీట్ మీదికి వెళ్లే వ్యూలలో ఆపేసి ఉంచేలా ఏర్పాటు చేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

దీన్ని కేవలం లేబుల్ అందానికి సంబంధించిన విషయంగా చూడకండి. ఆర్కిటెక్ట్ రేపు రెండో అంతస్తును 100 మిల్లీమీటర్లు పైకి జరిపారనుకోండి. మీరు కాపీ మానిటర్‌తో (లింక్ చేసిన ఫైలులోని లెవెళ్లను కాపీ చేసి, వాటి మార్పులను గమనించే సాధనంతో) తెచ్చుకున్న లెవెల్‌ను ఆ మార్పుకు అనుగుణంగా జరిపిన వెంటనే, ఆ లెవెల్‌ను పట్టుకుని ఉన్న పైపులన్నీ తమ ఆఫ్‌సెట్‌ను కాపాడుకుంటూ దానితోపాటు పైకి పోతాయి. −1084 చూపిన మీ రెండో పైపు 100 పైకి లేస్తుంది, +2916 చూపిన మొదటి పైపు ఉన్నచోటే ఉంటుంది. నిన్నటిదాకా ఒకే హ్యాంగర్ మీద కూర్చున్న జత విడిపోతుంది, వాటి మధ్యనున్న కనెక్షన్లు తెగుతాయి లేదా వంకరపోతాయి. రిఫరెన్స్ లెవెల్ అంటే పైపు ఏ అంతస్తుతో కలిసి ప్రయాణించాలన్న నిర్ణయం కూడా. చాలామంది మోడలర్లు ట్యాగ్‌లో సరైన అంకె కనిపించేదాకా ఆగి, ఆ నిర్ణయాన్ని సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తున్నారన్నది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

ఇక లేబుల్‌లో ఏది చూపాలన్నది. మధ్యరేఖ ఎత్తు మోడలర్‌కు అనుకూలం, ఎందుకంటే రెవిట్ పైపును గీసేది మధ్యరేఖతోనే. కానీ ఫిట్టర్ మధ్యరేఖను చూడలేడు, తాకలేడు. హ్యాంగర్ అడుగు పట్టీనో, యూనిస్ట్రట్ చానెల్‌నో ముందు బిగిస్తాడు, పైపు వచ్చి దాని మీద కూర్చుంటుంది. కాబట్టి ప్రెజర్ పైపులకు షాప్ డ్రాయింగ్‌లో బీఓపీ ఇవ్వడమే సరైనది. ఒకే ర్యాక్ మీద 150, 100, 80 సైజులు కలిసి వెళ్తుంటే, బీఓపీ ఒకటిగా ఉంచితే చానెల్ ఒకే ఎత్తులో నిలుస్తుంది. మధ్యరేఖ ఒకటిగా ఉంచితే ప్రతి పైపు కింద వేరువేరు మందం ప్యాకింగ్ పెట్టవలసి వస్తుంది.

చిల్డ్ వాటర్ పైపుకు మరో మెలిక ఉంది. రెవిట్ ఇచ్చే బాటమ్ ఎలివేషన్ పైపు లోహపు అడుగే, ఇన్సులేషన్ అడుగు కాదు. మీ పైపుకు 40 మందం ఇన్సులేషన్ ఉంటే అసలు అడుగు 2875.85. కింద ఫాల్స్ సీలింగ్ 2750 దగ్గర ఉంటే మిగిలిన ఖాళీ 125.85 మాత్రమే, అందులోనే సీలింగ్ గ్రిడ్, లైటు బాడీ పట్టాలి. దీనికి ట్యాగ్ ఫ్యామిలీలోని (ట్యాగ్ నమూనా ఫైలులోని) లేబుల్‌లో ఒక క్యాలిక్యులేటెడ్ వ్యాల్యూ జోడించి, మిడిల్ ఎలివేషన్ నుంచి అవుట్‌సైడ్ డయామీటర్‌లో సగాన్ని, ఆపై ఇన్సులేషన్ థిక్‌నెస్‌ను తీసివేసే సూత్రం రాయండి. ఇన్సులేషన్ లేని పైపులకు ఆ మందం సున్నా అవుతుంది కనుక ఒకే ట్యాగ్ రెండు రకాల పైపులకూ పనిచేస్తుంది. దీనికి బీఓఐ (ఇన్సులేషన్ అడుగు) అనే ప్రిఫిక్స్ విడిగా పెట్టండి, బీఓపీ అనే పేరు కింద ఇన్సులేషన్ అడుగు చూపితే సైట్‌లో కొలతలు కలగాపులగం అవుతాయి. అదే ఎడిట్ లేబుల్ విండోలో యూనిట్ ఫార్మాట్‌లోకి వెళ్లి, రౌండింగ్‌ను 1 మిల్లీమీటర్‌కు పెట్టి, ధన సంఖ్యలకు ప్లస్ గుర్తు చూపే ఆప్షన్‌ను టిక్ చేయండి. ప్లస్ గుర్తు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మైనస్ ఉండవలసిన చోట అది రాలిపోలేదని చదివేవాడికి భరోసా ఇచ్చేది అదే.

ఎఫ్‌ఎఫ్‌ఎల్ (ఫినిష్డ్ ఫ్లోర్ లెవెల్), ఎస్‌ఎస్‌ఎల్ (స్ట్రక్చరల్ శ్లాబ్ లెవెల్) వివాదం దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో కూర్చుని గల్ఫ్ ప్రాజెక్టులకు షాప్ డ్రాయింగులు చేసే మన ఇంజనీర్లందరికీ ఇది తెలిసిన గొడవే: స్ట్రక్చర్ వాళ్ల డ్రాయింగులన్నీ శ్లాబ్ పైముఖం నుంచి, ఆర్కిటెక్ట్ డ్రాయింగులన్నీ టైల్స్ పైముఖం నుంచి ఉంటాయి, మధ్యలో ఎంఈపీ (మెకానికల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్) విభాగం నలుగుతుంది. సైట్ వాళ్లు ఎఫ్‌ఎఫ్‌ఎల్ అడగడానికి బలమైన కారణం ఉంది. పైపులు వేసే సమయానికి టైల్స్ పడవు, కాబట్టి సర్వేయర్ గోడల మీద, కాలమ్‌ల మీద ఎఫ్‌ఎఫ్‌ఎల్ నుంచి సరిగ్గా 1000 ఎత్తులో మీటర్ గీత గీసి ఉంచుతాడు. లేజర్‌ను ఆ గీతకు సరిపెట్టి, అక్కడి నుంచి పైకి కొలిచి హ్యాంగర్లు బిగిస్తారు. బీఓపీ +2916 అయితే గీత నుంచి 1916 పైకి, అంతే.

లేబుల్ మీద ఎఫ్‌ఎఫ్‌ఎల్ అని రాసి ఉన్నా, ఫిట్టర్ ఉత్త శ్లాబ్ మీద టేపు ఆనించి కొలిచాడనుకోండి. ఫ్లోర్ ఫినిష్ 100 అయితే పైపు 100 కిందికి దిగుతుంది, ఇందాక లెక్కగట్టిన 125.85 ఖాళీలో 25.85 మాత్రమే మిగులుతుంది. సీలింగ్ వేసేవాడు వచ్చినప్పుడు గానీ ఈ సంగతి బయటపడదు, అప్పటికి పైపులకు ప్రెజర్ టెస్ట్ కూడా అయిపోయి ఉంటుంది. అందుకే ట్యాగ్‌లో ఉత్త +2916 అని వదిలేయడాన్ని నేను ఒప్పుకోను. ట్యాగ్ ఫ్యామిలీలో సఫిక్స్‌గానో, షీట్ జనరల్ నోట్స్‌లో స్పష్టమైన వాక్యంగానో, వీలైతే రెండు చోట్లా, కొలత ఎక్కడి నుంచో రాసి తీరాలి.

నా సలహా ఇది: మీ మోడల్‌లో పైపులన్నింటికీ రిఫరెన్స్ లెవెల్‌గా ఎఫ్‌ఎఫ్‌ఎల్ లెవెళ్లనే ఉంచండి, ఎస్‌ఎస్‌ఎల్ లెవెళ్లను పైపులకు ఎప్పుడూ కేటాయించకండి. రెండు రకాల లెవెళ్లు 100 తేడాతో ఒకదానిమీద ఒకటి ఉన్న మోడల్‌లో ఎవరు దేన్ని పట్టుకున్నారో వారం తిరిగేసరికి ఎవరికీ తెలియదు. కన్సల్టెంట్‌కు ఎస్‌ఎస్‌ఎల్ నుంచి ఎత్తు కావాలంటే, ట్యాగ్‌లో రెండో వరుసగా మరో క్యాలిక్యులేటెడ్ వ్యాల్యూ పెట్టి, బీఓపీకి ఫినిష్ మందాన్ని కలపండి. ఫినిష్ అంతస్తంతా 100 అయితే సూత్రంలో 100ను యూనిట్‌తో సహా నేరుగా రాయవచ్చు. మారుతూ ఉంటే పైపులకు ఫినిష్ మందం అనే షేర్డ్ పారామీటర్ (ట్యాగ్ చదవగలిగేలా మీరే చేర్చే పారామీటర్) ఇచ్చి సూత్రంలో దాన్ని వాడండి. ఈ పద్ధతిలోని గొప్పతనం, పైపు కదిలిన వెంటనే రెండు అంకెలూ కలిసి మారతాయి. మన దగ్గర టాయిలెట్లలో 300 దాకా దించి పోసే సంకన్ శ్లాబ్ దగ్గర మాత్రం ఈ సూత్రాన్ని నమ్మకండి. అక్కడ ఎస్‌ఎస్‌ఎల్ అంటే దించిన శ్లాబా, చుట్టూ ఉన్న మామూలు శ్లాబా అన్నది కన్సల్టెంట్‌తో రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ట్యాగ్ కాకుండా రెండో సాధనం స్పాట్ ఎలివేషన్. ఇది పైపు రిఫరెన్స్ లెవెల్‌ను చదవదు. మీరు తాకిన బిందువు ఎత్తును తానే కొలిచి, మీరు చెప్పిన మూలం నుంచి చూపుతుంది. దాని టైప్ ప్రాపర్టీస్‌లో ఎలివేషన్ ఆరిజిన్ అనే చోట ప్రాజెక్ట్ బేస్ పాయింట్, సర్వే పాయింట్, రిలేటివ్ అనే మూడు ఎంపికలు ఉంటాయి. రిలేటివ్ ఎంచుకుంటే, పెట్టే ప్రతి స్పాట్‌కూ రిలేటివ్ బేస్ అనే ప్రాపర్టీలో లెవెల్‌ను ఎంచుకోవచ్చు. మీ రెండు పైపుల మీద మొదటి అంతస్తును బేస్‌గా పెట్టి స్పాట్ వేస్తే, వాటి రిఫరెన్స్ లెవెళ్లు వేరైనా రెండూ ఒకే అంకె చూపుతాయి. లెవెళ్ల చిట్టాలో కనిపించేవి మీ ఫైలులో ఉన్న లెవెళ్లే కనుక, స్ట్రక్చరల్ లింక్‌లో ఉన్న ఎస్‌ఎస్‌ఎల్ నుంచి స్పాట్ కావాలంటే ఆ లెవెళ్లను కాపీ మానిటర్‌తో మీ ఫైలులోకి తెచ్చుకోవాలి. అలా తెచ్చినా, పైన చెప్పినట్టు, పైపులకు వాటిని అంటించకూడదు.

రిలేటివ్ బేస్‌లో కరెంట్ లెవెల్ అనే ఎంపిక కూడా కనిపిస్తుంది. అది ఆ వ్యూకు చెందిన లెవెల్‌ను పట్టుకుంటుంది, అందువల్ల ఒక అంతస్తు ప్లాన్ అనొటేషన్లను మరో అంతస్తు వ్యూకు పేస్ట్ చేసినప్పుడు స్పాట్ అక్కడి లెవెల్ నుంచి కొలుస్తుంది. పేరు పెట్టి ఎంచుకున్న లెవెల్ అయితే ఎక్కడికి వెళ్లినా దాన్నే పట్టుకుని ఉంటుంది. ఒకే రకం అంతస్తులు చాలా ఉన్న టవర్‌లో కరెంట్ లెవెల్ మేలు. పై అంతస్తు డ్రెయిన్లను పై అంతస్తు ప్లాన్‌లోనే చూపుతూ కింది అంతస్తు నుంచి ఎత్తు ఇవ్వాల్సి వస్తే పేరు పెట్టిన లెవెలే కావాలి. ప్లాన్‌లో స్పాట్ వేసేటప్పుడు డిస్‌ప్లే ఎలివేషన్స్‌లో టాప్, బాటమ్, రెండూ అనే ఎంపికలు ఉంటాయి. మీడియం డీటెయిల్‌లో పైపు ఒంటి గీతగా కనిపిస్తుంది, అప్పుడు స్పాట్ పట్టుకునేది మధ్యరేఖనే. అడుగు ఎత్తు కావాలంటే వ్యూను ఫైన్ డీటెయిల్‌లో పెట్టి, పైపు రెండు అంచులతో కనిపించేలా చేసి, బాటమ్ ఎంచుకోవాలి. కొత్త స్పాట్ టైప్ తయారుచేసిన ప్రతిసారీ, ఒక్క పైపు దగ్గర సెక్షన్ కోసి, లెవెల్ గీత నుంచి పైపు అడుగుకు డైమెన్షన్ వేసి, స్పాట్ చూపిన అంకెతో పోల్చి చూడండి. రెండు నిమిషాల పని ఇది, షీట్ మొత్తాన్ని కాపాడుతుంది.

ఇంత మంచిదైతే అన్నింటికీ స్పాటే ఎందుకు వాడకూడదని మీకు అనిపించవచ్చు. స్పాట్ సైజును, సిస్టమ్ పేరును చూపదు. ట్యాగ్ ఆల్ లాగా వ్యూలోని పైపులన్నింటికీ ఒకేసారి పెట్టే వీలు లేదు, ఒక్కొక్కటే వేయాలి. పైగా అది తప్పు రిఫరెన్స్ లెవెల్‌ను కప్పిపుచ్చుతుంది. కాగితం మీద అంకెలు సరిపోయాయి కదా అని మోడల్‌లోని దోషాన్ని అలాగే వదిలేస్తారు, లెవెల్ కదిలిన రోజున అది బయటపడుతుంది. కనుక సమతలంగా వెళ్లే ప్రెజర్ పైపులకు రిఫరెన్స్ లెవెల్ సరిదిద్ది ట్యాగ్ వాడండి, వాలుగా వెళ్లే పైపులకు స్పాట్ వాడండి.

వాలు పైపులకు స్పాట్ ఎందుకో మీ డ్రెయిన్ ఉదాహరణతోనే చూద్దాం. ట్యాగ్ పైపు పొడవునా ఎక్కడ పెట్టినా ఒకే పారామీటర్‌ను చదువుతుంది, స్పాట్ తాను తాకిన బిందువు ఎత్తును ఇస్తుంది. 110 యూపీవీసీ పైపు గోడ మందం 3.2 అయితే లోపలి వ్యాసం 103.6, అందులో సగం 51.8. పై చివర మధ్యరేఖ 3400 దగ్గర ఉంటే అక్కడి ఇన్వర్ట్ 3348.2, 1:100 వాలుతో 6 మీటర్లు వెళ్లాక 60 దిగి 3288.2 అవుతుంది. కొత్త వెర్షన్లలో పై చివర, కింది చివర ఇన్వర్ట్‌లు వేరువేరు పారామీటర్లుగా ఉన్నాయి కనుక రెండింటినీ ఒకే ట్యాగ్‌లో చూపవచ్చు. అయితే మధ్యలో టీ వచ్చిన ప్రతిచోటా పైపు రెండు ముక్కలవుతుంది, ప్రతి ముక్కకూ తన సొంత చివరలు ఉంటాయి. కమోడ్‌లు, ఫ్లోర్ ట్రాప్‌లు వరుసగా కలిసే లైనుకు ఆ లెక్కన ట్యాగులు పెడితే ప్లాన్ చదవలేనంతగా నిండిపోతుంది. లైను మొదట్లో, మలుపుల దగ్గర, స్టాక్‌లో (నిలువు డ్రెయిన్ పైపులో) కలిసే చోట స్పాట్‌లతో ఇన్వర్ట్ ఇచ్చి, మధ్యలో వాలు గుర్తు చూపితే ప్లంబర్‌కు కావలసినదంతా అందుతుంది.

ఇన్వర్ట్ విషయంలో రెండు జాగ్రత్తలు. మొదటిది, ఇన్వర్ట్ లోపలి వ్యాసం మీద ఆధారపడుతుంది కనుక మెకానికల్ సెట్టింగ్స్‌లోని సెగ్మెంట్స్ అండ్ సైజెస్ పట్టికలో 110 సైజుకు లోపలి వ్యాసం నిజంగా 103.6 అని ఉందో లేదో చూడండి. వేరే ప్రమాణం పైపు పట్టిక నుంచి కాపీ చేసిన టెంప్లేట్లలో ఇది తప్పుగా ఉండటం సాధారణం. రెండోది రౌండింగ్. ప్రతి 1.2 మీటర్లకు ఒక టీ ఉంటే వరుస ఇన్వర్ట్‌లు 3348.2, 3336.2, 3324.2, 3312.2 అవుతాయి, ప్రతి దశలో 12 తగ్గుదల. రౌండింగ్‌ను 5కు పెడితే అవే 3350, 3335, 3325, 3310గా కనిపిస్తాయి, అంటే కాగితం మీద తగ్గుదల 15, 10, 15. వాలు సమంగా లేదని సైట్ నుంచి ప్రశ్న రావడానికి అది చాలు. డ్రెయిన్లకు రౌండింగ్ 1 దాటనివ్వకండి.

పై శ్లాబ్ అడుగు నుంచి దూరం కూడా చూపమని అడుగుతున్నారని రాశారు. దీనికి ట్యాగ్‌లో నమ్మదగిన దారి లేదు, ఎందుకంటే శ్లాబ్ ఎక్కడుందో పైపుకు తెలియదు. మీ ఉదాహరణలో రెండో అంతస్తు ఎస్‌ఎస్‌ఎల్ 3900, 200 శ్లాబ్ తీసేస్తే సఫిట్ (శ్లాబ్ అడుగు) 3700. కానీ శ్లాబ్‌తో కలిపి 600 లోతున్న బీమ్ దగ్గర అడుగు 3300కు దిగుతుంది, ఇన్సులేషన్‌తో కలిపి పైపు పైభాగం 3124.15 కనుక అక్కడ మిగిలేది 175.85. ఒకే పైపుకు శ్లాబ్ కింద ఒక అంకె, బీమ్ కింద మరో అంకె వస్తాయి. ప్రతి బీమ్ దాటే చోట సెక్షన్ కోసి డైమెన్షన్ వేయడమే నిజాయితీగల పద్ధతి.

డైనమోతో (రెవిట్‌లో స్క్రిప్టులు నడిపే సాధనంతో) లెక్కించి షేర్డ్ పారామీటర్‌లో రాసేద్దామని మీ సహోద్యోగి సూచించారన్నారు. చేయవచ్చు. పైపు చివరల జెడ్ విలువ తీసుకుని, దాని నుంచి కావలసిన లెవెల్ ఎత్తు తీసివేసి రాస్తే సరిపోతుంది. లెవెల్ ఎత్తు తీసుకునేటప్పుడు ఎలివేషన్ కాకుండా ప్రాజెక్ట్ ఎలివేషన్ తీసుకోవాలి. మొదటిది లెవెల్ టైప్‌లోని ఎలివేషన్ బేస్ సెట్టింగ్‌ను బట్టి మారుతుంది, రెండోది మారదు. పైథాన్ నోడ్‌లో నేరుగా రెవిట్ ఏపీఐని (ప్రోగ్రాములు రెవిట్‌తో మాట్లాడే మార్గాన్ని) పిలిస్తే విలువలు అడుగుల్లో వస్తాయి కనుక 304.8తో గుణించాలి. కానీ ఇలా రాసిన విలువ పైపు కదిలినప్పుడు తనంతట తాను మారదు. స్క్రిప్టును మళ్లీ నడపడం మరిచిపోయి షీట్లు విడుదల చేస్తే, చేత్తో టైపు చేసిన లేబుల్‌కూ దానికీ తేడా ఉండదు. పైన చెప్పిన సూత్రాలతో నెరవేరని అవసరం ఉంటేనే దీని జోలికి వెళ్లండి, వెళ్తే షీట్లు ప్రింట్ చేసే ముందు స్క్రిప్ట్ నడపడాన్ని మీ చెక్‌లిస్టులో చేర్చండి.

చివరిగా, భవనం దాటి మ్యాన్‌హోల్‌కు వెళ్లే లైన్లు. అక్కడ అంతస్తు లెవెల్ నుంచి కొలవడంలో అర్థం లేదు, ఎందుకంటే రోడ్డు మీదున్న మ్యాన్‌హోల్ ఇన్వర్ట్‌ను మున్సిపల్ సంస్థ సర్వే డేటమ్ (ఎత్తులు కొలిచే ప్రామాణిక మూలం) నుంచే ఇస్తుంది. మన దేశంలో అది సగటు సముద్ర మట్టం. 1909 నాటి ఆ డేటమ్‌కు ఆధారమైన 9 తీర కేంద్రాలలో మన విశాఖపట్నం ఒకటి. దుబాయ్‌లో అయితే డీఎండీ అనే మున్సిపాలిటీ డేటమ్ వాడతారు. ఈ లైన్లకు స్పాట్ ఎలివేషన్‌లోనే మరో టైప్ తయారుచేసి, ఎలివేషన్ ఆరిజిన్‌ను సర్వే పాయింట్‌గా, యూనిట్లను మీటర్లలో మూడు దశాంశాలుగా పెట్టండి. అంతకుముందే సర్వే పాయింట్ ఎత్తును సర్వేయర్ ఇచ్చిన బెంచ్ మార్క్‌తో సరిచూసుకోవాలి. లోపలి స్పాట్లకు ఎఫ్‌ఎఫ్‌ఎల్ అని, బయటి స్పాట్లకు డేటమ్ పేరు అని టైప్‌లోని ఎలివేషన్ ఇండికేటర్‌లో రాసి పెడితే, భవనం గోడ దగ్గర ఒకే పైపుకు రెండు అంకెలు పక్కపక్కన పడినప్పుడు ఏది దేనిదో అడగవలసిన పని ప్లంబర్‌కు ఉండదు.